వెళ్ళిరండి సంఘం

గోదావరి ఒడ్డున గువ్వలరేవు అనే ఊళ్ళో అవతారం అనే కొబ్బరికాయల వర్తకుడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఏ పని చేసినా నలుగురూ చూసి ఆహా అంటే తప్ప ఆయనకి పని చేసినట్టే ఉండేది కాదు. గుడికి వెళ్తే గంట అందరికంటే గట్టిగా కొట్టేవాడు. ఎవరింటికైనా పరామర్శకి వెళ్తే వీధి మొదట్లోనే "అయ్యో" అని అందుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు, ఎదుట మాత్రం కాదనేవారు కాదు. ఎందుకంటే ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు పరిగెత్తుకొచ్చేది కూడా ఆయనే.

ఆ రోజుల్లో గువ్వలరేవుకి వంతెన లేదు. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా లాంచీ ఎక్కాల్సిందే. పొద్దున కిందినుంచి వచ్చిన లాంచీ సాయంత్రం మళ్ళీ కిందికి వెళ్ళేది. రేవుకి ఎదురుగా, నది మధ్యలో, రెల్లు పెరిగిన లంక ఒకటి ఉండేది. బయలుదేరిన లాంచీ కాసేపు కనబడి, ఆ లంక చాటుకి వెళ్ళి మాయమైపోయేది. అయినవాళ్ళని సాగనంపి రేవులో నిలబడ్డవాళ్ళకి ఆ లంకని చూస్తే కోపం వచ్చేది. ఇంకొంచెం పక్కన ఉంటే దాని సొమ్మేం పోయింది అనుకునేవారు.

ఆ రేవులో ఒక వింత సంఘం ఉండేది. దాని పేరు వెళ్ళిరండి సంఘం. మిగతా ఊళ్ళలో భజన సంఘాలు, నాటక సంఘాలు ఉంటాయి. ఈ సంఘం చేసే పని ఒక్కటే, సాగనంపడానికి ఎవరూ లేకుండా లాంచీ ఎక్కేవాళ్ళని సాగనంపడం. సాయంత్రం వేళకి వంతు వచ్చిన సభ్యులు భుజాన తువ్వాలు వేసుకుని రేవుకి వచ్చేవారు. ఒంటరిగా ఎక్కుతున్న మనిషి ఎవరో చూసుకునేవారు. లాంచీ కదలగానే ఆ మనిషి వంక చూస్తూ "వెళ్ళిరండి" అని కేకేసి తువ్వాళ్ళు ఊపేవారు. లాంచీ లంక చాటుకి వెళ్ళేదాకా చేయి దించకూడదు. ఎడమచేత్తోనే ఊపాలి. ఎక్కేవాళ్ళని "ఎక్కడికి" అని అడగకూడదు, ఊరూ పేరూ అసలే అడగకూడదు. అంతా అయ్యాక రేవు మెట్ల మీద కూర్చుని తలా గుప్పెడు మరమరాలు తినాలి. ఎడమచెయ్యి ఎందుకో, మరమరాలు ఎందుకో సభ్యుల్లో ఒక్కరికీ తెలియదు. తాతలు చేశారు, తండ్రులు చేశారు, వీళ్ళూ చేస్తున్నారు.

పొరుగూళ్ళవాళ్ళు ఇదేం పనిలేని సంఘం అని వెక్కిరించేవారు. లాంచీ ఎక్కినవాళ్ళు మాత్రం వెక్కిరించేవారు కాదు. అత్తింట్లో మాటపడి ఒంటరిగా పుట్టింటికి పోతున్న కోడలు ఉండేది. గాజుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే మనిషి ఉండేవాడు. రేవులో తువ్వాళ్ళు లేస్తే వాళ్ళు ముందు వెనక్కి తిరిగి, ఎవరికోసమా అని చూసేవారు. తమ వెనక ఎవరూ లేరని తెలిసి, ఇది తమకోసమేనని అర్థమయ్యాక, వాళ్ళ చెయ్యి దానంతట అదే పైకి లేచేది. ఒకాయన ఎన్నో ఏళ్ళ తరవాత మామిడిపళ్ళ బుట్టతో వచ్చి రేవులో దిగాడు. ఆయనకి ఆ ఊళ్ళో చుట్టం లేడు, పక్కం లేడు. ఏం పని మీద వచ్చారని అడిగితే, "మీరే కదండీ వెళ్ళిరండి అన్నారు, అందుకని వచ్చాను" అన్నాడు.

ఇంత చక్కని సంఘానికి ఒకటే లోటు. దీన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. రేవు పక్కన సంఘం పెంకుటింట్లో ఒక చెక్క పలక వేలాడుతూ ఉండేది. దాని మీద "స్థాపకులు" అని రాసి, కింద ఖాళీగా వదిలేసి ఉండేది. తెలిసినదల్లా ఒక్క తిథి. అట్లతద్దికి ముందురోజు, ఊళ్ళో ఆడపిల్లలంతా గోరింటాకు పెట్టుకునే రోజు, ఈ సంఘం పుట్టిందని చెప్పుకునేవారు. ఆ రోజు వంతులతో పని లేకుండా సభ్యులందరూ రేవుకి వెళ్ళి సాయంత్రం లాంచీని సాగనంపేవారు. తరవాత హోమియో వైద్యుడు గున్నేశ్వరరావు ఆ ఖాళీ పలకకి పూలదండ వేసేవాడు. వేసి కాసేపు దాని ముందే నిలబడిపోయేవాడు. ఒక ఏడు ఆయన కళ్ళు తుడుచుకుంటూ అవతారంతో అన్నాడు.

"పేరు తెలిస్తే ఒక్కసారి నోరారా పిలుచుకునేవాళ్ళం కదండీ. మన పెద్దలెవరో మనకే తెలియకపోవడం, ఇంట్లో ఉండి కూడా పరాయివాళ్ళలా ఉంది."

ఆ మాట అవతారం మనసులో నాటుకుంది. నిజం చెప్పాలంటే ఆయనకీ ఆ బెంగ ఉండేది. చిన్నప్పుడు తాత వేలు పట్టుకుని రేవుకి వచ్చిన ప్రతిసారీ ఆ ఖాళీ పలక చూసి, ఎవరై ఉంటారు తాతా అని అడిగేవాడు. తాత నవ్వి, నేను ఈ ఊరొచ్చేసరికే అది ఖాళీగా ఉంది, తెలిస్తే రాయమా అనేవాడు. ఆ బెంగే లేకపోతే ఆయన అంత తప్పు చేసేవాడూ కాదు. బెంగకి ఆర్భాటం తోడైతే మనిషి ఎంత దూరమైనా పోతాడు.

ఆ ఏడు అవతారం సంఘానికి ప్రెసిడెంటు అయ్యాడు. అవగానే ఆయనకి పక్క ఊరి నాటక సంఘం గుర్తొచ్చింది. వాళ్ళ స్థాపకుడికి నిలువెత్తు పటం ఉంది, దానికి బంగారు రంగు చట్రం ఉంది. మనకేం తక్కువ అనుకుని, ఒక చిత్రకారుణ్ణి పిలిపించి రెండు పటాలు గీయించాడు. ఒక పటంలో తలపాగా, కోరమీసం ఉన్న జమీందారు. ఇంకో పటంలో పట్టు ఉత్తరీయం కప్పుకున్న పండితుడు. ఇద్దరికీ పేర్లు కూడా తనే పెట్టాడు. జమీందారు ఒక చేత్తో కత్తి పట్టుకుని, ఇంకో చేత్తో సైన్యాన్ని సాగనంపేవాడనీ, ఎడమచేత్తో ఊపే ఆచారం అక్కణ్ణుంచే వచ్చిందనీ ఒక కథ కూడా అల్లేశాడు.

గున్నేశ్వరరావు ఆ పటాల ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"వీళ్ళే స్థాపకులని మీకెవరు చెప్పారండీ?" అన్నాడు.

"కాదని ఎవరైనా చెప్పారా?" అన్నాడు అవతారం.

ఏమనాలో తెలియనప్పుడు గున్నేశ్వరరావు జేబులోంచి తీపి గోళీల సీసా తీసి ఎదుటివాళ్ళకి నాలుగు గోళీలు పెట్టేవాడు. అవతారానికీ అలాగే పెట్టి ఊరుకున్నాడు. మిగతా సభ్యులు పటాలు చూసి మురిసిపోయారు. ఇన్నాళ్ళూ ఖాళీ పలక చూసి చూసి వాళ్ళకీ ప్రాణం విసిగింది. ఎవరో ఒక పెద్దమనిషి తమకి తాతగా దొరికాడు, చాలు అనుకున్నారు.

ఏటా ఆ గోరింటాకు రోజున జరిగే స్థాపకుల పండుగని ఈసారి అవతారం తన ఇష్టానికి తగ్గట్టే ఏర్పాటు చేశాడు. పెంకుటిల్లు చాలదని ఊరికి ఆ చివర ఉన్న బడి ఆవరణలో పందిరి వేయించాడు. సన్నాయి మేళం పెట్టించాడు. పటాలకి దండలు వేయడానికి పట్నం నుంచి ఒక పేరున్న పెద్దమనిషిని పిలిచాడు. ఆ పెద్దమనిషి సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. సరిగ్గా లాంచీ బయలుదేరే వేళ.

అది విని గున్నేశ్వరరావు కంగారు పడ్డాడు. తనకి వేదిక మీద కుర్చీ వద్దనీ, తనొక్కణ్ణీ రేవులో వదిలేయమనీ బతిమాలాడు. అవతారం ఒప్పుకోలేదు. ప్రతి సభ్యుడూ పందిట్లో ఉండాలి, కుర్చీలు ఖాళీగా కనబడితే పెద్దమనిషి ఏమనుకుంటాడు అన్నాడు. రోజూ ఊపేదే కదా, ఈ ఒక్కరోజుకి మానేస్తే లాంచీ కదలనంటుందా అని నవ్వాడు. సభ్యులు కూడా నవ్వారు. నవ్వారే గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం అవతారం పందిట్లో దండలు సరిచూసుకుంటూ ఉంటే ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తెల్లచీర కట్టుకుని ఉంది. భుజం మీద అరిగిపోయి నూలు తేలిన తువ్వాలు ఒకటి వేసుకుంది. కుడిచేతి నిండా పచ్చి గోరింటాకు ముద్ద ఉంది, అది రాలిపోకుండా ఆకు చుట్టి ఉంది. ఎడమచేత్తో కర్ర పట్టుకుంది. ఈ వయసులో మామ్మగారికి గోరింటాకు సరదా ఏమిటో అని అవతారం మనసులో నవ్వుకున్నాడు. ఆవిడ అలిసిపోయి ఉంది. ఊపిరి కూడదీసుకుని నెమ్మదిగా అడిగింది.

"బాబూ, ఈ సాయంత్రం లాంచీకి మీవాళ్ళు రేవుకి వస్తారు కదా? పెంకుటింటి దగ్గర ఎవరూ కనబడలేదు."

ఇవాళ ఎవరూ రారనీ, ఇవాళ స్థాపకుల పండుగ అనీ అవతారం చెప్పాడు.

"ఒక్కరైనా రారా?"

"రేపు రండి మామ్మగారూ, ఊరంతా వచ్చి ఊపుతాం" అన్నాడు అవతారం, చేతిలో దండ వంకే చూస్తూ.

రేపటికి తను ఇక్కడ ఉండననీ, మోకాళ్ళు ఇక మోయనంటున్నాయనీ, మళ్ళీ ఏడాది ఈ రేవుకి రావడం తనవల్ల కాదనీ ఆవిడ అంది. ఈసారికి ఎవరైనా ఉంటే బాగుండును అనుకున్నానంది. అవతారం ఆ మాటలు విన్నాడు గానీ, సన్నాయివాళ్ళు ఇంకా రాలేదన్న ఆలోచనలో అవి చెవి దాటి లోపలికి వెళ్ళలేదు. ఆవిడ తల ఎత్తి పటాల వంక చూసి, వీళ్ళెవరని అడిగింది. అడగడమే ఆలస్యం, అవతారం కత్తి కథంతా చేతులు తిప్పుతూ చెప్పేశాడు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. తలపాగా జమీందారు వంక చాలాసేపు చూసి, చిన్నగా నవ్వింది.

"పైడయ్యకి కూడా ఇలాంటి తలపాగా ఉంటే ఎంత మురిసిపోయేవాడో."

పైడయ్య ఎవరని అవతారం మాటవరసకి అడిగాడు.

"వెనకటికి ఈ రేవులో మరమరాలు అమ్మేవాడులే నాయనా. వస్తాను మరి. లాంచీ వేళవుతుంది. వెళ్ళొస్తా."

వెళ్ళొస్తా అన్న మనిషికి వెళ్ళిరండి అని చెప్పడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. దానికి సంఘం అక్కర్లేదు. అదే పేరున్న సంఘానికి ప్రెసిడెంటు అయిన అవతారం ఆ మాట అనలేదు. దండలో ఒక చామంతి పక్కకి తిరిగి ఉంటే దాన్ని సరిచేస్తూ ఊఁ అన్నాడు, అంతే. ఆవిడ ఒక క్షణం ఆగి, ఇంకేమైనా అంటాడేమో అని చూసి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సాయంత్రం పెద్దమనిషి వచ్చాడు. సన్నాయి మోగింది. పెద్దమనిషి మాట్లాడడం మొదలుపెట్టాడు, ఆయన మాట్లాడడం మొదలుపెడితే ఆపడం తెలియని మనిషి. ఆయన ముగింపుకి వచ్చే వేళకి దూరంగా రేవులోంచి, జనాన్ని ఎక్కమని పిలిచే లాంచీ మొదటి కూత వినబడింది. వేదిక మీదా కిందా కూర్చున్న సభ్యులందరి ఎడమచేతులూ ఒక్కసారి భుజాల మీది తువ్వాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. వెళ్ళి, ఏం చేయాలో తెలియక, మళ్ళీ ఒళ్ళోకి దిగాయి. గున్నేశ్వరరావు తల వంచుకున్నాడు.

ప్రసంగం అయ్యాక అవతారం దండ చేతిలోకి తీసుకుని పటం దగ్గరికి వెళ్ళాడు. పటం ముందు గున్నేశ్వరరావు ఒక గిన్నె నిండా మరమరాలు పెట్టి ఉంచాడు. అవతారానికి ఒళ్ళు మండింది. కాజాలూ లడ్డూలూ చేయిస్తే, పట్నం పెద్దమనిషి ముందు ఈ మరమరాలు ఏమిటని గొంతు తగ్గించి కసిరాడు.

"స్థాపకుల రోజు మరమరాలు లేకుండా ఎప్పుడైనా చేశామాండీ?" అన్నాడు గున్నేశ్వరరావు.

అవతారం దండ ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. వెనకటికి ఈ రేవులో మరమరాలు అమ్మేవాడులే అన్న మాట అప్పుడు లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చిందనీ, కుడిచేతికి గోరింటాకు ఉందనీ ఆయన గున్నేశ్వరరావుతో తడబడుతూ చెప్పాడు.

"ఆవిడా? ఏటా ఈ రోజున వస్తుంది కదండీ. పొద్దున లాంచీకి వచ్చి సాయంత్రం లాంచీకి వెళ్తుంది. కుడిచేతికే గోరింటాకు పెట్టుకుంటుంది, ఎడమచేత్తో మనకి తువ్వాలు ఊపుతుంది. ఎవరో, ఏ ఊరో మనం అడగకూడదు కదా. అడగలేదు."

అవతారం ఏటా తన తువ్వాలు ఎవరు చూస్తున్నారా అని చూసుకునేవాడే గానీ, ఎక్కేవాళ్ళ మొహం ఎప్పుడూ చూడలేదు. గోరింటాకు పెట్టుకునే రోజు. ఎడమచెయ్యి. తువ్వాలు. మరమరాలు. ఇన్నేళ్ళుగా సంఘంలో ఎవరికీ అర్థం కానివన్నీ ఆ ముసలావిడ ఒంటి మీదే ఉన్నాయి, ఆవిడ నోటినుంచే వచ్చాయి. అవతారం గున్నేశ్వరరావు భుజం మీది తువ్వాలు లాక్కుని, దండ ఉన్నది ఉన్నట్టే చేతిలో పట్టుకుని, పట్నం పెద్దమనిషి చూస్తుండగానే వేదిక దూకి పరిగెత్తాడు. నలుగురూ చూస్తున్నారా లేదా అని ఆయన చూసుకోకపోవడం ఊళ్ళోవాళ్ళు అదే మొదటిసారి చూశారు.

ఆయన చేరేసరికి రేవు ఖాళీగా ఉంది. మెట్ల మీద ఒక్క మనిషి లేడు. లాంచీ అప్పటికే లంక వైపు తిరిగింది. లాంచీ వెనక భాగంలో తెల్లచీర ఒకటి కనబడింది. ఆ మనిషి రేవు వంకే చూస్తున్నట్టు ఉంది. అవతారం కుడిచేతిలో దండ ఉంది. ఎడమచెయ్యి ఎత్తి తువ్వాలు ఊపాడు. "వెళ్ళిరండి" అని అరవబోతే ఆయాసంతో గొంతు రాలేదు. ఎప్పుడూ ఊరు దద్దరిల్లేలా మాట్లాడే ఆ గొంతు అప్పుడే మూగబోయింది. తెల్లచీర ఆయన్ని చూసిందో లేదో తెలియలేదు. లాంచీ లంక చాటుకి వెళ్ళిపోయింది.

గున్నేశ్వరరావు రొప్పుతూ వచ్చేసరికి నది మీద ఏమీ లేదు. అవతారం ఇంకా ఊపుతూనే ఉన్నాడు. లంక దాటేసింది, ఇక దించండి అని గున్నేశ్వరరావు ఆయన చెయ్యి పట్టుకుని దించాడు. అవతారం మెట్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నప్పటినుంచీ ఎవరికోసమైతే బెంగపడ్డాడో ఆ మనిషి తన ఎదుటికే వచ్చి, ఒక్కరైనా రారా అని అడిగింది. ఆయన రేపు రమ్మన్నాడు.

మర్నాడు అవతారం లాంచీ ఎక్కాడు. ఊరూ పేరూ తెలియదు, తెలుసుకోకూడదన్నది సంఘం కట్టుబాటు. అందుకని ఆయన ప్రతి రేవులోనూ దిగి, కుడిచెయ్యి మాత్రమే పండిన మామ్మగారు ఎక్కడైనా ఉన్నారా అని అడుగుతూ వెళ్ళాడు. జనం ఆయన్ని వింతగా చూశారు. కొందరు నవ్వారు. ఆయనకి నవ్వు పట్టలేదు. ఆ గోరింటాకు వెలిసిపోయేలోగా ఆవిడని చూడాలి, వెలిసిపోతే ఇక గుర్తు లేదు, అదొక్కటే ఆయన భయం. తిరగ్గా తిరగ్గా సముద్రానికి దగ్గర్లో మొగలిలంక అనే చిన్న ఊళ్ళో, ఒక తాటాకు ఇంటి అరుగు మీద ఆవిడ కనబడింది. కుడి అరచెయ్యి అంచులు అప్పటికే పాలిపోయాయి. మధ్యలో చందమామ మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.

అవతారం ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పయిపోయింది, అన్నాడు. ఎవరో తెలియక అలా చేశానని చెప్పబోయి, తెలియకపోతే మాత్రం అలా చేయవచ్చా అని తనకే తోచి ఆగిపోయాడు. ఆవిడ ఆయన్ని లేవదీసి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆయన అడగకుండానే అంతా చెప్పింది.

ఆవిడ పేరు సూరాయమ్మ. పుట్టింది గువ్వలరేవులోనే. తల్లి చిన్నప్పుడే పోయింది. గవరయ్య అని ఒక అన్న ఉండేవాడు, చెల్లెలికి జడవేసేది కూడా అతనే. ఒక ఏడు అట్లతద్దికి ముందురోజు పొద్దున అన్నే గోరింటాకు కోసుకొచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం తండ్రికీ అతనికీ మాటా మాటా పెరిగింది. ఎక్కడికి పోతావో పో అని తండ్రి అన్నాడు. ఆ రోజుల్లో రంగూన్‌ని రంగం అనేవారు. రంగం పోతానని అన్న ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. అప్పటికి పక్కింటివాళ్ళు సూరాయమ్మకి కుడిచేతికి గోరింటాకు పెట్టడం అయింది, ఎడమచేతికి ఇంకా మొదలుపెట్టలేదు. అన్న రేవుకి పోయాడని తెలిసి ఆ పిల్ల లేచి చూస్తే దండెం మీద అతని తువ్వాలు ఉంది. మర్చిపోయాడు, ఇచ్చి వద్దామని అది పట్టుకుని పరిగెత్తింది. రేవు చేరేసరికి లాంచీ కదిలిపోయింది. కుడిచేతి నిండా గోరింటాకు. అన్న కోసుకొచ్చిన ఆకు, రాలిపోతే పండదు. అందుకని ఎడమచేత్తో తువ్వాలు ఊపింది.

రేవులో మరమరాలు అమ్మే పైడయ్య అది చూశాడు. గంప దించి, తన తలగుడ్డ విప్పి, వచ్చి పిల్ల పక్కన నిలబడ్డాడు. తనూ ఎడమచేత్తోనే ఊపాడు.

"ఒక్కదానివే ఊపితే కనబడుతుందో లేదో తల్లీ. నేనూ ఊపుతాను" అన్నాడు.

లాంచీ లంక చాటుకి వెళ్ళాక పైడయ్య ఆ పిల్లని మెట్ల మీద కూర్చోబెట్టి గుప్పెడు మరమరాలు పెట్టాడు. ఆ పిల్ల ఏడుస్తూనే తింది. మర్నాడు సాయంత్రం మళ్ళీ రేవుకి వచ్చింది. ఎవరో ఒంటరిగా లాంచీ ఎక్కుతుంటే తువ్వాలు ఊపింది. పైడయ్య కూడా ఊపాడు. తరవాత ఇంకొకరు చేరారు, ఇంకొకరు చేరారు. ఎక్కడికి అని అడగకూడదన్న నియమం మాత్రం సూరాయమ్మే పెట్టింది. మా అన్న ఇంట్లో విన్న ఆఖరి మాట అదే, అందుకే రాలేదు అనేది ఆ పిల్ల. గవరయ్య నిజంగానే మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి సూరాయమ్మకి పెళ్ళయి మొగలిలంక వచ్చేసింది. పైడయ్య పోయాడు. రేవులో సంఘం పెరిగింది, మనుషులు మారారు, పేర్లు మరుగునపడ్డాయి. ఆవిడ మాత్రం ఏటా అదే రోజున, అదే చేతికి గోరింటాకు పెట్టుకుని, అన్న తువ్వాలు వేసుకుని ఆ రేవుకి వచ్చి వెళ్ళేది.

ఇన్నేళ్ళూ వచ్చి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అవతారం అడిగాడు. అడగకూడదని నేనే పెట్టాను కదా, మీరు అడగకపోతే నాకు సంతోషమే అంది ఆవిడ. తరవాత నది వైపు తిరిగింది.

"ఒక్క సంగతి చెప్తాను నాయనా. అన్న నన్ను చూశాడా లేదా అని నాకు జన్మంతా బెంగే. చూస్తే, నాకు ఒక చెల్లెలుందిలే అనుకుని ఎక్కడో బతికి ఉంటాడు. చూడకపోతే, నాకెవరూ లేరనుకుంటూ పోయి ఉంటాడు. ఏటా మీరంతా ఊపితే కనబడేది. అంతమంది ఊపితే ఎవరికైనా కనబడుతుంది. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చి ఒక్కళ్ళే ఊపితే కనబడుతుందా అన్నది నాకు తెలిసే దారి లేకపోయింది."

"మొన్న కనబడిందా మామ్మగారూ?" అన్నాడు అవతారం. అడగడానికి ఆయనకి భయం వేసింది.

"కనబడింది నాయనా. రేవంతా ఖాళీ. నువ్వొక్కడివే. ఎడమచెయ్యి. శుభ్రంగా కనబడింది" అంది సూరాయమ్మ. "మా అన్న నన్ను చూశాడు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన తప్పుకి శిక్ష పడుతుందనుకుని వచ్చినవాడికి ఇలాంటి మాట వినబడితే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. పలక మీద ఆవిడ పేరు రాయిస్తానని మాత్రం అన్నాడు. ముందు పైడయ్య పేరు రాయించమనీ, తను ఊపింది తన అన్నకి, పైడయ్య ఊపింది ఏమీ కానివాడికి అనీ ఆవిడ అంది.

సాయంత్రం అవతారం తిరుగు లాంచీ ఎక్కాడు. మనవరాలి భుజం పట్టుకుని సూరాయమ్మ మొగలిలంక రేవు దాకా వచ్చింది. లాంచీ కదలగానే ఎడమచేత్తో అన్న తువ్వాలు ఎత్తి, "వెళ్ళిరా నాయనా" అంది. అవతారం జీవితంలో ఎంతోమందిని సాగనంపాడు గానీ, తనని ఎవరైనా అలా సాగనంపడం ఎప్పుడూ ఎరగడు. ఆ అరిగిపోయిన తువ్వాలు చుక్కంత అయి, కనబడకుండా పోయేదాకా ఆయన కన్ను తిప్పలేదు. కనబడకుండా పోయాక కూడా ఆవిడ ఇంకా ఊపుతూనే ఉంటుందని ఆయనకి తెలుసు.

ఆ తరవాత సూరాయమ్మ గువ్వలరేవుకి రాలేదు. పటాల్లో జమీందారునీ పండితుణ్ణీ అవతారం పక్క ఊరి నాటక సంఘానికి ఇచ్చేశాడు, వాళ్ళకి వేషాలకి పనికొచ్చాయి. పలక మీద పైడయ్య పేరు, దాని కింద సూరాయమ్మ పేరు రాశారు. స్థాపకుల పండుగకి మళ్ళీ పందిరి వేయలేదు. ఆ రోజు అవతారం అందరికంటే ముందు రేవుకి వచ్చి కింది మెట్టు మీద నిలబడేవాడు. గొంతు ఎత్తేవాడు కాదు. ఎక్కేవాళ్ళలో ఎవరైనా వెళ్ళొస్తా అంటే, చేతిలో పని వదిలేసి, వాళ్ళ మొహం వంక చూసి, వెళ్ళిరండి అనేవాడు. అప్పుడప్పుడు గున్నేశ్వరరావు ఆయన పక్కకి జరిగి నిలబడి, ఒక్కరే ఊపితే కనబడుతుందో లేదో అనేవాడు. కనబడుతుంది అనేవాడు అవతారం.

పెద్దలని గౌరవించడమంటే వాళ్ళ పటానికి దండ వేయడం కాదు. వాళ్ళు నిలబడిన చోట మనమూ నిలబడి, వాళ్ళు చేసిన పనిని ఒక్కరోజైనా మానకుండా చేయడం.